అంగుళం ముప్పావు

ఆరు నెలలు కాజాలు కుట్టిన కూలీ
చీటీ పాడగా మిగిలిన దుడ్లూ కలిపి
పడుగుపాడు గేటు దగ్గర కొన్నాను దీన్ని.
పాత లేడీసు సైకిలు. బెల్లుకు మూత లేదు.
వెనక మడ్గార్డు మీద ఎవరో పిల్ల
తెల్లరంగుతో పేరు రాసుకుంది.
ముందు సగం చెరిగి, లత మిగిలింది.
హేమలతో, పుష్పలతో.
గీకేద్దామా అన్నాడు రహంతుల్లా.
ఉండనీ అన్నాను.

కొక్కేనికి తగిలించి చక్రం తిప్పాడు.
మిల్లు దగ్గర బేరగాడు
వడ్లు గుప్పిట్లో నలిపి చూసినట్టు
చువ్వలన్నీ ఒకసారి తడిమాడు.
"చక్రం మంచిదే. ఫ్రీవీలు పోయింది.
ఎక్కమ్మాయ్, సీటు ఎత్తు చూద్దాం."

ఎక్కలేదు నేను. నిలబడ్డాను.
అప్పుడు చూశాడు నా ఎడమకాలు.
అయ్యో అనలేదు.
అనేంత తీరిక లేదాయనకు,
ముందు మూడు పంక్చర్లు ఉన్నాయి.
కొబ్బరీనె విరిచి కొలవబోతుంటే
ఉండన్నా అని నా మెడలో టేపు తీసిచ్చాను.
సంతపేటలో కోదండం గారి కొట్లో
పద్దెనిమిదేళ్ళుగా ఊరి వొళ్ళన్నీ కొలిచిన టేపు.
ఏ మనిషికీ రెండు భుజాలు ఒకటి కావు.
మేం చెప్పం. లోపల గుడ్డ పెట్టి సరిచేసి పంపిస్తాం.
అంత తెలిసి కూడా
ఒక్కనాడూ దాన్ని నామీద పెట్టుకోలేదు.

కుడి ముప్పయింపావు.
ఎడమ ఇరవై ఎనిమిదిన్నర.
తేడా సుద్దముక్కతో గోడమీద రాసుకున్నాడు,
ఎవరికో బాకీ ఉన్నట్టు.

ఎడమ పెడలు మీద తుమ్మచెక్క బిగించాడు మొదట.
కాలు తీసీతీయగానే బరువుకి గిర్రున తిరిగి
గబ్బిలంలా నేలకేసి వేలాడింది.
తిట్టాడు. టీ తాగాడు. మళ్ళీ తిట్టాడు.
మర్నాడు పైన ఒకటి, కింద ఒకటి, రెండు చెక్కలు,
జారకుండా వాటికి టైరు ముక్కల తొడుగు.
"ఎట్టా తిరిగినా నీ కాలికే తగలాల, అంతేగా?
మలుపులో మాత్రం వంచబాక,
కిందిది రోడ్డుకి కొట్టుకుంటది."

మిగతావి నేనే చేసుకున్నాను.
చీర చిక్కకుండా చక్రానికి కాలరు బుక్రం జాలీ.
చైనుకి మిషను నూనె.
సీటుకి నాలుగు పెళ్ళిళ్ళ బ్లౌజు ముక్కలు, లోపల దూది.
కత్తెరకి విడిగా ఒక సంచి,
అన్నం గిన్నెతో కలిస్తే పదును పోతుంది.

పెన్న వంతెన మీద గాలి పక్కనించి తోస్తుంది.
ఇసక లారీ దాటినప్పుడు ఇంకోవైపు లాగుతుంది.
మొదటి రోజు హ్యాండిలు పిసికి పట్టుకుని
రెండుసార్లు దిగాను.
తర్వాత తెలిసింది, ఇది నాకు వచ్చిన పనే:
సూది కింద గుడ్డని లాగకూడదు, తొయ్యకూడదు.
చేతులు ఊరికే దారి చూపాలి.

నేను నడుస్తుంటే ఒక అడుగు, ఒక ఈడుపు.
తల తిప్పకుండానే పోల్చుకుంటారు మా వీధిలో.
వంతెన మీద నన్నెవరూ పోల్చుకోలేరు.
చైను చప్పుడొకటే, ముందూ వెనకా ఒకే కొలత.

కార్తీకంలో ఒక రాత్రి కొట్టు ముందునించి పోయింది.
కోదండం గారు టార్చి పట్టుకుని
స్టేషనుకి పోదాం పదమన్నాడు.
అంతదూరం పోనక్కర్లేకపోయింది.
సందు మలుపులో, కాలవ గట్టున పడి ఉంది సైకిలు,
డైనమో లైటు పగిలి.
తారు మీద కింది చెక్క గీరిన గీత, జానెడు.
పక్కన ఒక మగ చెప్పు. ఎడమకాలిది.

అలవాటు కొద్దీ టేపు తీసి కొలిచాను.
పదింపావు.

ఎంత దూరం కుంటుకుంటూ పోయాడో,
పాపం, రెండు కాళ్ళూ సమానంగా ఉన్నవాడు.