మూడు మేకుల బోర్డు

చిలోయె దీవిలో సాల్మన్ ఫ్యాక్టరీ గేటు దాటగానే
గోడకి మూడు మేకులు,
మేక్కొక రేకు అంకె.
పైన నీలి అక్షరాలు: ప్రమాదం లేని రోజులు.
పొద్దున్నే స్టూలెక్కి అంకె మార్చాలి నేను.
కట్లు కట్టడం, మాత్రలివ్వడం, ఫారాలు నింపడం కూడా నా పనే గానీ
మేనేజరు బార్రియా నన్ను పలకరించేది
స్టూలు మీదున్నప్పుడే.

ఆ రోజు రెండు, ఒకటి, ఒకటి.
మూడొందలు దాటితే
మనిషికో పంది తొడ అని మాట.

నోల్ఫా పాయ్‌యాకార్ తలుపు తట్టలేదు,
మోచేత్తో తోసుకొచ్చింది.
పదహారేళ్ళుగా కోత లైన్లో ఉంది.
ఆమె కత్తి వెన్నుముల్లు వెంట పోతే
ముల్లుకి గోరంత కండ మిగలదు.
చెయ్యి తిరిగిన మనిషి.
ఆ చెయ్యిప్పుడు
కుళాయి మీద పెడితే తిరగడం లేదు.

"రాత్రిళ్ళు చీమలు పాకుతాయి,
బొటనవేలు మొదలుకొని మూడు వేళ్ళ నిండా.
లేచి కూర్చుని విదిలించుకుంటాను.
పీడకలా అంటాడు మా ఆయన.
ఒక మాత్రివ్వు చాలు. రాయకు.
నా మూలాన లైనంతటికీ పంది తొడ పోయిందంటే
బస్సులో నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

రాయకపోవడం నాకు కొత్త కాదు.
ఐస్ గదిలో జారి పక్కటెముక విరిగిన ఎలెయుతేరియోకి
"ఆదివారం ఫుట్‌బాల్ ఆడుతూ" అని రాసిన చెయ్యిదే.
అరవైకి రెండు తక్కువ ఆయన వయసు.
పుట్టి బుద్ధెరిగి బంతిని తన్నలేదు.

నీ కత్తి చూపించు అన్నాను.
అంచు నా బొటనవేలి మీద పెట్టి లాగాను.
తెల్లటి గీతైనా పడలేదు.
సాన పట్టేవాణ్ణి పోయినేడు తీసేశారుగా,
ఖర్చు తగ్గించాలని.
కత్తి మరిచిపోయిన పదునంతా
మణికట్టు అప్పు తెచ్చి కడుతోంది.

ఫారం తీశాను.
ప్రమాదం జరిగిన సమయం: గంట, నిమిషం.
చిన్న గడి.
పదహారేళ్ళు అందులో పట్టలేదు,
మార్జిన్లోకి పాకింది.

మర్నాడు స్టూలెక్కాను.
మూడు మేకులకి మూడు సున్నాలు కావాలి.
డబ్బాలో రెండే ఉన్నాయి.
మూడోది ఎవరూ చేయించలేదు,
దాని అవసరం వస్తుందనుకోలేదు కాబోలు.
ఆల్చిప్పల డబ్బా మూత ఒకటి తెచ్చి
నడిమి మేక్కి తగిలించాను.
బార్రియా ఆ రోజు పలకరించలేదు.

బస్సులో నోల్ఫా పక్క సీటు ఖాళీ.
సోమవారం. మంగళవారం.

బుధవారం షిఫ్టుకి ముందు
నా గది బయట పదకొండు మంది.
రబ్బరు బూట్లు, తడి ఏప్రాన్లు.
"బోర్డెలాగూ పోయింది," అంది ముందున్నావిడ,
"ఇంక దాచుకునేదేముంది?"
ఒక్కొక్కరే చేతులెత్తి చూపించారు.
ఇన్నాళ్ళూ చేతులెత్తేశారనుకున్నాను వీళ్ళని.
ఒకామె వేళ్ళు మడవలేక
రోజూ కూతురితో జడ వేయించుకుంటోందట.
నాకు ఫారాలు చాల్లేదు.

బీమా వాళ్ళు శాతం పెంచుతామని ఉత్తరం రాశారు.
అకౌంటెంటు ఆ శాతాన్ని ఓ పక్క రాసి
సానపట్టేవాడి జీతాన్ని ఇంకో పక్క రాసి
కాగితం బార్రియా ముందు పెట్టి బయటికొచ్చేశాడు.
నెల తిరక్కుండా సానరాయి మోత మొదలైంది.
బార్రియా న్యాయం చేశాడని అనను.
కూడిక చేశాడు.

నోల్ఫా అర్జీ మాత్రం తిరిగొచ్చింది:
"ఇంట్లో ఉన్ని అల్లడం వల్ల వచ్చిన జబ్బు."
చదివి వినిపిస్తే పగలబడి నవ్వింది.
"ఏ చేత్తో అల్లానో
అదీ రాశారేమో చూడు."

మళ్ళీ అప్పీలు రాస్తున్నాం.
గడులు వదిలేసి తెల్ల కాగితం మీద,
ఆమె చెబుతుంటే నేను,
ఆమె చెప్పినంత పొడుగూ.

బోర్డు మీద ఇవాళ ఆరు.
డబ్బా మూత నడిమి మేక్కే ఉంది.
మేఘం పట్టిన రోజుల్లో
ఇంకా ఆల్చిప్పల వాసనొస్తోంది.