ఆలుగడ్డలు పొంగిన చోట

షిఫ్టు దిగి నేరుగా వచ్చాను.
నిమ్మచెక్కతో రెండుసార్లు రుద్దినా
వేళ్ళ సందుల్లో హెర్రింగ్ చేపల వాసన వదల్లేదు.
గ్దీనియా రేవు వెనక, పాత వలల గోదాములో కచేరీ.
గేటు దగ్గర కుర్రాడు నా మణికట్టుకి కాగితం పట్టీ చుడుతూ
"ఎవరి కోసం వచ్చారు, మీ అమ్మాయి కోసమా?" అన్నాడు.
"నా కోసమే నాయనా" అన్నాను.
యాభై మూడేళ్ళకి
ఆ మాట అనడం అదే మొదలు.

బోగ్నా జారెత్స్కా
నాకు పధ్నాలుగేళ్ళప్పుడు దొరికింది.
వంటింటి కిటికీలో రేడియో,
దాని మూతికి ఆనించి, మామయ్య ఓడ దిగుతూ తెచ్చిన టేప్ రికార్డరు,
ఎర్ర మీట మీద నా వేలు.
ఊపిరి తీస్తే అదీ ఎక్కుతుందేమోనని
వీలైనంతసేపు ముక్కు మూసుకుని కూచున్నాను.
ఊపిరి ఎక్కలేదు. అమ్మ ఎక్కింది.
మూడో చరణంలో, సరిగ్గా బోగ్నా గొంతు పైకి లేచేచోట,
"మీర్కా, ఆలుగడ్డలు పొంగుతున్నాయే!"
వెనకే, మూత కిందపడి దొర్లిన చప్పుడు.

ఆ టేపునే అరగదీశాను.
రిబ్బను తెగితే గోళ్ళరంగుతో అతికించాను,
వదులైతే పెన్సిలు దూర్చి చుట్టాను.
పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక, అది పెటాకులయ్యాక
అదే పాట, అవే ఆలుగడ్డలు.
ఎప్పటికో సీడీ కొన్నాను. అసలు మాటలు తెలిశాయి:
'ఓడలన్నీ పోయాక ఒడ్డు ఎవరితో మాట్లాడాలి' అట.
బాగానే ఉంది.
కానీ ఎవరో నేను లేనప్పుడు మా ఇంట్లో దూరి
సామాను సర్దేసినట్టుంది.

దీపాలు ఆరాయి.
నా ముందు దూలంలాంటి మనిషి.
వెనక్కి తిరిగి, వాసన పసిగట్టాడో జాలిపడ్డాడో
పక్కకి జరిగాడు.
అప్పుడు కనిపించింది.

ఇంత చిన్న మనిషా!
నా గది పోస్టరులో గోడంత ఉండేది.
మోకాలికి పట్టీ, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు,
స్టూలు మీద నీళ్ళ సీసా, కళ్ళజోడు.
గిటారు మెళ్ళో వేసుకోవడానికి ఒకబ్బాయి చెయ్యి సాయం పట్టాడు.
ఎందుకో నాకు సిగ్గేసింది,
తలుపు తట్టకుండా ఎవరి గదిలోకో వెళ్ళినట్టు.

అంతలో డ్రమ్ము మోగింది.
చెవులతో కాదు, పక్కటెముకలతో విన్నాను.
బూట్ల కింద నేల
చేపల లారీ ఇంజనులా వణికింది.

ఆ గొంతు.
సగం అరిగిపోయింది. పైస్థాయి అందక
ఒకచోట ఆగి, దగ్గి, తనలో తాను నవ్వుకుని
కిందనుంచి మళ్ళీ ఎక్కింది,
లిఫ్టు పాడైన మేడలో
రెండు చేతులా సంచులతో మెట్లెక్కే ఆడమనిషిలా.
నా టేపులో ఆమెకి ఇంకా ఇరవై రెండేళ్ళే.
నేను చేపల పేగులు తీస్తున్న ఇన్నేళ్ళూ
ఈమె కూడా ఎక్కడో డ్యూటీలోనే ఉందన్నమాట.

ఎనిమిదోది ఆ పాట.
తొలి తీగ మీటగానే చేతుల మీద రోమాలు నిక్కాయి.
మొదటి చరణం. రెండో చరణం.
మూడోదాని దగ్గర బోగ్నా
పాడడం ఆపి మైకు మావైపు తిప్పింది.
మూడువేల గొంతులు ఒడ్డు గురించి అడిగాయి.
నా నోరు మాత్రం
దానికి వచ్చిందే అరిచింది:
"మీర్కా, ఆలుగడ్డలు పొంగుతున్నాయే!"

దూలంలాంటి మనిషి గిర్రున తిరిగాడు.
"మాటలు తప్పు" అన్నాడు నా చెవిలో.
"నా దగ్గర ఇలాగే ఉంది" అన్నాను.

అమ్మకి బోగ్నా అంటే గిట్టేది కాదు.
గొంతులో ఇసక పోసుకుని ఆ కూతలేమిటనేది.
పోయి పదకొండేళ్ళయింది.

ఆఖరి ట్రాలీబస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.
ఆకలేసింది.
కోటు విప్పకుండానే నాలుగు ఆలుగడ్డలు పొయ్యి మీద పడేశాను.
చెవుల్లో ఇంకా ఒకటే హోరు.
పొంగినప్పుడు నాకు వినపడలేదు.
మాడు వాసన చెప్పింది.