నలభైలో ఒక వంతు

మా లేబరేటరీకి కిటికీ ఒకటే.
ఇంతకు ముందు అది ఎన్.సి.సి. వాళ్ళ బూట్ల గది.
వాన పడితే ఇప్పటికీ తోలు వాసన లేస్తుంది.
అటు ఆర్ట్స్ బ్లాకు, ఇటు సైన్స్ బ్లాకు,
నడుమ సైకిల్ స్టాండు పక్కన మేము.
చాక్‌పీసులు అటు నుంచి, స్పిరిటు ఇటు నుంచి
అడిగి తెచ్చుకుని బతికే శాఖ.

బీరువాలో ఇరవై నాలుగు డబ్బీలు.
చూడ్డానికి అన్నీ ఒకటే: నల్ల మూత, తెల్ల అంకె.
లోపల సీసపు గుళ్ళు,
వంద గ్రాముల నుంచి రెండేసి గ్రాములు పెరుగుతూ.
కళ్ళకు గుడ్డ కట్టి, ఒకటి ఎత్తించి, ఇంకొకటి ఎత్తించి
‘ఏది బరువు?’ అని అడుగుతాం.
మా సైన్సు పుట్టింది సగం ఆ ప్రశ్నలోంచే.

కళ్ళు చెడి మూడేళ్ళు చీకటి గదిలో కూర్చున్న
ఒక జర్మనీ అయ్యవారు
ఆ తర్వాతెప్పుడో ఒక పొద్దున, పక్క మీద నుంచి లేవకముందే,
మనసుకూ కొలబద్ద ఉండొచ్చని అనుకున్నాడట.
ఈ మాట చెప్పేసరికి వెనక బెంచీలో ఎవరో ఒకరు
ఆవులిస్తారు. ప్రతి సంవత్సరం.

చెంగల్రాయుడు ఆవులించడు.
అటెండరుగా రాకముందు పదకొండేళ్ళు
చిత్తూరు బెల్లం మండీలో మూటలు మోసినాడు.
చేరిన రోజే రెండు డబ్బీలు అరచేతుల్లో ఆడించి
‘ఇదేం చదువు మేడమ్!
ఒక్క అచ్చు ఎత్తితే రవ్వంత తడి ఉన్నా తెలిసిపోతాది.
అదే తడి మూట మీద పోస్తే ఆ దేవుడికి గూడా తెలీదు.
ఉండేదాన్ని బట్టి గదా ఎచ్చు తెలిసేది’ అన్నాడు.

మా సిలబస్‌లో అది మూడు పేజీల సూత్రం.
నలభైకి ఒకటి కలిస్తేనే చేతికి తెలుస్తుంది,
నాలుగొందలకైతే పది కలవాలి.
సుద్దముక్క పట్టుకుని అట్లే నిలబడిపోయాను.

తనిఖీకి వచ్చినాయనది తిరుపతి, ఫిజిక్సు.
కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి
‘మనిషిని అడిగి రాసుకునేది సైన్సెట్లా అవుతాదమ్మా,
థర్మామీటర్‌ని ఎవరన్నా ఎట్లుండావని అడుగుతారా’ అన్నాడు.
అందరూ నవ్వారు. మాట బాగుందని నేనూ నవ్వాను.
జవాబు రాత్రి పలమనేరు బస్సులో దొరికింది,
మొగిలి ఘాట్ మలుపులో, ఎవరికీ పనికిరాకుండా:
ఆ గాజుగొట్టం మీద గీతలు గీయకముందు
ఎవరి నుదురో కాలి ఉండాలి,
ఇంకెవరిదో అరచెయ్యి దాని మీద ఆని ఉండాలి.

ఆడికృత్తిక కావళ్ళు పోతున్న వారంలో
చెంగల్రాయుడి భార్య మునెమ్మ పోయింది.
పదహారో రోజు డ్యూటీకి వచ్చాడు.
ప్రాక్టికల్‌కి మనిషి తక్కువైతే
‘నేను కూచుంటా’ అని తనే గుడ్డ కట్టుకున్నాడు.

వంద, నూట నాలుగు. ‘సమానమే.’
వంద, నూట పన్నెండు. ‘సమానమే.’
వంద, నూట ముప్పై.
చాలాసేపు రెండు చేతులూ గాలిలో ఉంచి
‘సమానమే అమ్మణ్ణీ.’

రికార్డు రాసే పిల్ల నా వైపు చూసింది,
కొట్టేయాలా అని.
కొట్టేయమనలేదు. సరాసరిలో కలపమనీ అనలేదు.
వేరే కాగితం మీద
ముప్పైని నలభైతో హెచ్చించి చూసుకున్నాను.
పన్నెండు వందలు.
అంటే ఆ మనిషి చేతుల్లో అప్పటికే
కిలో ఇన్నూరు గ్రాములకు పైన ఏదో ఉంది.
పైన ఎంతో చెప్పడానికి మా దగ్గర డబ్బీలు చాలవు.

ఇది సైన్సు కాదని నాకూ తెలుసు.
ఒక మనిషి, ఒక మధ్యాహ్నం, పోల్చడానికి ఇంకొకడు లేడు.
కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను.

గుడ్డ విప్పి ముఖం తుడుచుకుని
అతను డబ్బీలన్నీ బీరువాలో సర్దాడు,
అంకెలు గోడవైపు తిప్పి.
తాళం వేయబోతూ ఒక్కొక్కటే తిప్పి చూశాను.
వంద, నూట రెండు, నూట నాలుగు.
చివరిదాకా ఒక్కటీ తప్పలేదు.