నాలుగు పౌండ్ల దారం

వారమంతా నా చేతుల్లో ఉక్కు తాళ్ళు.
మాదాపూర్‌లో ముప్పై రెండంతస్తుల లిఫ్టు,
పదమూడు మంది, ఎనిమిది వందల ఎనభై నాలుగు కిలోలు,
లోపల పలకమీద చెక్కి ఉంటుంది.
ఒక్క తాడు చాలేచోట ఆరు వేస్తాం.
పది రెట్ల బలం లేనిదే సంతకం పెట్టం.
తాడుకి పాతగుడ్డ చుట్టి పొడవునా దూస్తాను,
గుడ్డ చిక్కుకున్నచోట ఒక పోగు తెగిందన్నమాట,
అక్కడ సుద్దగీత.
సుద్దగీతలు గీసే కొలువు నాది, పందొమ్మిదేళ్ళుగా.

శనివారం సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి
వలలూ చాంతాళ్ళూ అమ్మే సందులోకి తిరుగుతాను.
ఇలియాస్ సాబ్ కొట్టు ముందు సీసం గుళ్ళ బస్తాలు,
లోపల గాజు బీరువాలో, తాళంవేసి, సన్నకర్రలు.
"ఎంత చాపకు?"
"చిన్నదానికి."
"పెద్దది పడ్తే?"
"పెద్దది పడ్డా ఇదే కర్ర."
నన్నొకసారి చూసి తాళం తీశాడు.

మొదటిది కొస మాత్రమే వంచింది,
మాట పూర్తికాకముందే జవాబిచ్చే రకం.
రెండోది పిడిదాకా వంగింది,
ఎవరేమన్నా సరేననే మా సూపర్‌వైజర్ బలరాజులా.
మూడోది ఆరడుగులు.
కొట్లో ఫ్యాను గాలికే దాని కొస వణికింది.
ఒకటి నుంచి అయిదు గ్రాములని పిడిమీద రాసుంది:
ఒక రూపాయి బిళ్ళను నీళ్ళలోకి విసరగలదు,
రెండు బిళ్ళలైతే మొరాయిస్తుంది.
అదే కట్టించాను.

దారం దగ్గర గంట పట్టింది.
అల్లిక దారం సాగదు,
అడుగున చేప ఎరను వాసన చూసినా వేలికి చెబుతుంది,
కాని వేలినీ కోస్తుంది.
ఇంకోటి నీళ్ళలో కనపడదంటాడు.
కనపడని తాడును నమ్మడం నాకు చేతకాదు.
మామూలు నైలాను సాగుతుంది,
తప్పు చేసినవాడికి రెండు క్షణాల గడువిస్తుంది.
నాలుగు పౌండ్లది తీశాను.
రెండు కిలోలైనా లేదు లెక్క, ఉల్లిగడ్డల సంచికే తెగుతుంది.
"ఆరు తీస్కో భాయ్, ధైర్యముంటది."
"ధైర్యం నౌకరీల చేస్తనే ఉన్న గద సాబ్,
ఐతారం గూడనా?"

హిమాయత్ సాగర్. పొద్దున ఆరుంబావు.
శంషాబాద్ దిగే విమానం నీడ
నీళ్ళమీంచి పోయి తుమ్మల్లో దూరింది.
రెండు పరిగెలు, వేలెడంత.
తర్వాత అరచేతంత జిలేబి చేప
కర్రను గొడుగు పిడిలా వంచేసింది,
మోచేతిదాకా తెలిసింది దాని కోపం.
మూడింటినీ తడిచేత్తో పట్టి వదిలాను.

అప్పుడు నాచు కిందనుంచి కొర్రమీను.
లాగలేదు, ఊరికే నడిచిపోయింది,
తన దారిలో నేనెవరో ఉన్నానన్న ఊహే లేకుండా.
రీలు కుట్టు మిషనులా మొదలెట్టింది.
వదులు చేశాను, ఇంకా వదులు చేశాను,
దారం సాగింది, సాగింది,
ఇచ్చిన గడువంతా ఇచ్చింది.

కర్ర నిటారుగా నిలబడింది.

ఎవరూ పడలేదు.
ఏ అంతస్తులోనూ తలుపు సగంలో ఆగలేదు.
ఫోను మోగలేదు.
పందొమ్మిదేళ్ళలో మొదటిసారి
నా చేతిలో ఒకటి తెగింది,
నీళ్ళు మళ్ళీ చదునయ్యాయి, అంతే.

అలవాటు పోతుందా, కొసను కళ్ళద్దాల దగ్గరికి తెచ్చాను.
నున్నగా తెగలేదు.
పందితోకలా మెలితిరిగి ఉంది.
దారం తెగలేదు. జారింది నా ముడి.
తడపకుండా బిగించాను, తొందరలో.
నాలుగు పౌండ్లదీ నాలుగు పౌండ్లూ మోసే ఉంది పాపం,
నేనే మొయ్యలేదు.

ముల్లు అరగదీసిన గాలమే, రాలిపోతుందిలే,
అనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను.
మెలిక కొరికి ఊశాను.
కొత్త కొస నోట్లో పెట్టుకుని తడిపి
అయిదు చుట్లు చుట్టాను,
సుద్దగీత గీసేంత మెల్లగా.