సున్నాకు దగ్గర నీళ్ళు

జీడిమెట్ల బోరు పద్నాలుగు వందలు.
నాగోలులో తొమ్మిది వందల పైచిలుకు.
మంజీర నల్లా వచ్చిన రోజు మూడు వందలకు దిగితే
అది ఆ గల్లీ అదృష్టం.
చొక్కా జేబులో పెన్నులా మీటరు పెట్టుకుని
పదకొండేళ్ళుగా ఊరి దాహాన్ని అంకెల్లో చదువుతున్నాను.
ఫిల్టర్లు మార్చేవాణ్ణి. రసీదు మీద పేరు ఐలేశ్.

గింజలు పోస్టులో వచ్చాయి,
మడత మీద మడత, విభూది పొట్లమంత కాగితంలో.
విప్పితే గింజలు కావు, నస్యం.
"తుమ్మకు స్వరూపా, ఏడు వందలు ఎగిరిపోతయ్."
ఆమె తుమ్మలేదు.
ఏడు వందలా? అని మాత్రం అంది.
తర్వాత రెండు రోజులు ఏమీ అనలేదు.

ఎక్కడో దక్షిణాఫ్రికా కొండల మొక్క.
చలి తగిలితేగాని కళ్ళు తెరవదట.
ఫ్రిజ్‌లో అల్లం వెల్లుల్లి డబ్బా పక్కన
ఆరు వారాల చలికాలం దానికి అద్దెకిచ్చాను.

పేడ, వేపపిండి, చేపల కడుగు,
మనం బలం అనుకునేదల్లా దానికి విషం.
ఇసుకను ఏడుసార్లు కడిగి
ఎనిమిదోసారి నీళ్ళలో మీటరు ముంచాను.
నా ఇంటి ఫిల్టరు నీళ్ళు తొంభై ఆరు.
మనుషులకు చాలు, దీనికి చాలదు.
ఆఖరికి షాపూర్‌నగర్ చౌరస్తాలో
ఏటీఎం వెనక ఏసీ పైపు కింద బకెట్టు పెట్టాను.
వాచ్‌మన్ నన్ను కింది నుంచి మీదికి చూశాడు.
ఎవరి సొమ్మూ కాదన్నా, ఏటీఎం చెమట.
పదకొండు చూపించింది మీటరు.
ఇరవై రూపాయలు ఇవ్వబోతే అతను నవ్వి వద్దన్నాడు.

గింజల్ని పూడ్చకూడదు,
వెలుతురు చూస్తూ పడుకోవాలి అవి.
బిర్యానీ పార్సిల్ డబ్బా, పైన ట్యూబులైటు,
మూతకు పట్టిన చెమట.
పక్కింటి ఫైజాన్ రోజూ స్కూలు బ్యాగుతోనే వచ్చి
"అంకుల్, ఖాళీ డబ్బాకు కావలా?" అంటాడు.
అవును బేటా.

యాభై మూడో రోజు ఒక పచ్చని చుక్క.
దాని ముందు ఆవగింజ గుమ్మడికాయ.
గడియారాల రఫీక్ భాయ్ దగ్గర
కంటికి బిగించుకునే అద్దం అడుక్కొచ్చి చూస్తే
చెంచాలాంటి ఆకు, అంచున వెంట్రుకలు,
ఒక్కో కొసన ఒక్కో బొట్టు.
మిట్టమధ్యాహ్నం కూడా ఆరని మంచు.
ఆ పూట రెండు సర్వీసు కాల్స్ ఎత్తలేదు.

మే నెల.
నాలుగు గంటలు కరెంటు పోయిన రోజు
నేను కొంపల్లిలో ఎవరి వంటింట్లోనో
మెంబ్రేన్ విప్పుతున్నాను.
"నీళ్ళల్ల ఏమన్నా ఉందా?" అడుగుతోందావిడ.
ఏమీ లేదమ్మా, అంటున్నాను,
అంతకంటే మంచి మాట నాకు రాదు.
చేతిలో స్పానరుంది,
తలలో మాత్రం ఉడుకుతున్న డబ్బా.

వచ్చేసరికి తొమ్మిదిలో ఏడు నల్లబడ్డాయి.
రెండు ఉన్నాయి.
డబ్బా ఎప్పటి చోటే ఉంది, కిటికీ పక్కన.
ఎత్తి చూస్తే అడుగున తడి ఇసుక అంటుకుని ఉంది,
మా రంజన్ కింది ఇసుక.
స్వరూప బియ్యం ఏరుతోంది.
నేను అడగలేదు, ఆమె తలెత్తలేదు.

వానలొచ్చాక
అరటితొక్క మీద ముసిరిన చిన్నీగ ఒకటి,
చుక్కమందం కూడా లేనిది, ఆకు మీద వాలింది.
ఒక కాలు అంటుకుంది. తర్వాత రెక్క.
ఆకు తొందరపడలేదు.
సీరియల్ మొదలై, వార్తలొచ్చి, అన్నాలయ్యేదాకా
గుప్పెట మూసినట్టు మెల్లమెల్లగా వంగింది.

నా భుజం మీదుగా వంగి అద్దంలోంచి చూసి
స్వరూప "పాపం" అంది.

ఈగనో, ఆకునో.