నోట్లో తిమింగలం

ఖసబ్ రేవులో తొమ్మిదిన్నరకి తాడు విప్పుతాం.
తివాచీలు దులపడం, చెప్పులు విప్పించడం,
కహ్వా పోయడం నా పని.
డాల్ఫిన్లు రాకపోతే తిట్లు తినడం మాత్రం
మొజమ్మెల్‌దీ నాదీ, చెరిసగం.

చెట్టు మొలవని కొండల మధ్యకి
సముద్రం సందులా దూరి పడుకుని ఉంటుంది.
కెప్టెన్ ఖల్ఫాన్ ఇంజను గొంతు తగ్గించి
పడవ పక్కన అరచేత్తో కొడతాడు,
తలుపు తట్టినట్టు.
చాలాసార్లు తెరుస్తాయి.
నేను ఈల వేస్తాను.
బారువలో మా అయ్య వింటే చెంప పగలగొట్టేవాడు,
వేటకెళ్లే తెప్ప మీద ఈల వేస్తే గాలి లేస్తుందని.
ఇక్కడ దానికే జీతం.

ఆ శుక్రవారం కొట్టీ కొట్టీ చెయ్యి ఎర్రబడింది గానీ
ఒక్కటీ రాలేదు.
ఖల్ఫాన్ పడవని బయటి నీళ్లకి తిప్పాడు.

వెనక మెత్తల మీద మనవాళ్లే, షార్జా నుంచి.
నన్ను బెంగాలీ అనుకున్నారు.
అనుకోనిచ్చాను.
"నెలాఖరుకి వీసా క్యాన్సిల్ చేస్తారట," అన్నాడాయన
నేను అతని గ్లాసులో పెప్సీ పోస్తుండగానే.
"పాపకి ఇప్పుడే చెప్పకు."
"నా గాజులున్నాయిగా," అందామె
డాల్ఫిన్ల కోసం వెతుకుతున్నట్టు నీళ్లకేసి చూస్తూ.
మా భాషతో వాళ్లు కట్టుకున్న గోడ
నా మోకాలెత్తు కూడా లేదు.
దాని ఇవతల ట్రే పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు లేచింది.
గంతులేం లేవు. నల్లగా, తాపీగా
వీపు, ఇంకా వీపు, ఇంకా వీపేనా అనిపించేంత వీపు,
చివర్న కొడవలి మొనంత రెక్క.
వదిలిన ఊపిరికి
మా ఊరి కవళ్ల గంపల వాసన.
బతికున్నదాన్ని చూడ్డం నాకిదే మొదలు.
చిన్నప్పుడు చచ్చి ఒడ్డుకొచ్చినదాని మీద
ఎక్కి జారాం, పిల్లలమంతా.

ఫోన్లన్నీ అటువైపున్నాయి.
చూసింది పాపా, నేనూ, ఖల్ఫాన్.
"హూత్," అన్నాడతను, ఇంజను ఆపేసి.
పాప అమ్మ చున్నీ లాగింది.
"అమ్మా, దీన్ని తెలుగులో ఏమంటారు?"
"ఏమో నాన్నా. వేల్." కళ్లు తుడుచుకుంటోంది,
ఎండ అంటోంది.
"వేల్‌కి తెలుగు లేదా?"

ఉంది తల్లీ.
నా నాలిక కింద ఉంది, తోకతో సహా.
ఒక్క 'తి' బయటపడితే చాలు
ఆ ఇద్దరూ పెప్సీ దగ్గర్నుంచి
ఒక్కో మాటా వెనక్కి లెక్కపెట్టుకుంటారు.
ట్రే ముందుకు చాపాను.
పాప ఖర్జూరం తీసుకుంది.
"థాంక్యూ భయ్యా."

రాత్రి డెక్కు కడుగుతూ వదిలాను దాన్ని.
తిమింగలం. బకెట్ ముంచి, మళ్లీ
తిమింగలం.
ఏంటి గొణుగుతున్నావన్నాడు మొజమ్మెల్
మా ఇద్దరికీ సరిగ్గా రాని హిందీలో.
చేప పేరన్నాను.
"మీ ఊళ్లో కిలో ఎంత?"