మిగిలిన సెలవులు

డిసెంబరు దాటితే
నా నాలుగు క్యాజువల్ సెలవులూ మురిగిపోతాయని
చిత్తూరు ట్రెజరీలో రత్నవేలు గుర్తు చేశాడు.
పుచ్చిన గింజల్లా వాటిని దోసిట్లో పట్టుకొని
ఎక్కడికి పోవాలో తెలీక
పలమనేరు బస్సెక్కాను.

మొగిలి ఘాటు మూడో మలుపులో
కండక్టరు కిటికీలన్నీ వేయించాడు.
అద్దం మీద నా ఊపిరి
నాకు కనిపించి
ఎన్నాళ్లయిందో.

అడివి అంచున చెంగల్రాయప్ప మామ చేను.
అమ్మకు వరసకు తమ్ముడు.
ఎందుకొచ్చినావని అడగలేదు,
"మంకీ క్యాపు తెచ్చినావా?" అన్నాడు.

రెండు రోజులు ఊరికే నిద్రపోయాను.
మూడో సాయంత్రం అత్త పక్కన చేరి కూర్చున్నాను.
"మంచు తాగితేనే అనపకాయకు వాసన పడతాది,
ఎండకు కాసింది ఉత్త తొక్కే" అంది
నానిన గింజల్ని రెండు వేళ్లతో పితుకుతూ.
తొక్క ఒక పక్కకు, పప్పు ఒక పక్కకు.
నేను పితికితే గింజ ఎగిరి పొయ్యిలో పడింది.
ముప్పై ఏళ్లుగా బిల్లులు పితికిన వేళ్లు మరి.

ఆ రాత్రి
ఎదురు మిట్ట మీద ప్రేమలీల టీచరింటి చూరుకు
కాగితం నక్షత్రం వెలిగింది.
లోపల బల్బు, వెలుపల ఎర్ర కాగితం,
ఒక మూల చిరిగింది కూడా.
మంచు దిగేకొద్దీ చూరు పోయింది,
ఇల్లు పోయింది, మిట్ట పోయింది.
నక్షత్రమొక్కటి
దేనికీ తగిలించకుండా నిలబడింది.

తెల్లారుజామున టపాకాయలు.
పండగ కాదు.
డబ్బాలు వాయించే చప్పుడు, కుక్కలు,
ఎవరో టార్చి ఊపుతూ
"పో సామీ, పో పో" అని బతిమాలడం.
నేను గడప దాటలేదు.
చీకట్లో ఏదో పెద్దది
తొందర లేకుండా నడిచిపోవడం
అరికాళ్లతో విన్నాను.

తెల్లవారింది అనడానికి సూర్యుడు లేడు.
రాములోరి గుడి మైకులో ధనుర్మాసపు పాట
మంచులో తడిసి ముక్కలుగా వస్తోంది.
రాగి కుప్ప సగం లేదు.
మామ తిట్టాడు.
ఏనుగుల్ని, అడివి ఆఫీసరును, కరెంటు కంచెను,
ఈ నేలను కొన్న తాతను,
వరసగా, ఎవర్నీ మరవకుండా.
తిట్టడం అయినాక పైపులు లెక్కపెట్టాడు.
ఏడు.

గెనిమ పక్కన ఒక అడుగు.
జల్లెడంత గుండ్రం, ఎర్రమట్టిలో జానెడు లోతు.
తొక్కితే పగిలిన పైపే
దాన్ని అంచుదాకా నింపింది.

వంగి చూశాను.
మొదట మంకీ క్యాపులో నేను,
దరఖాస్తుకు అంటించిన ఫోటోలాగా.
ఊపిరి తగిలి ఆ ముఖం చెదిరింది.
మళ్లీ కుదురుకునే లోపల
కొంచెం పక్కకు జరిగాను,
ఎందుకో చెప్పలేను.
నేను ఖాళీ చేసిన చోటికి ఆకాశం వచ్చింది.
ఏమీ రాయని తెలుపు,
ఒక కానుగ కొమ్మ,
కొమ్మ చివర మంచుచుక్క.
పైచుక్క కిందికి రావాలా
నీళ్లలోది పైకి పోవాలా
తేలక
రెండూ కాసేపు ఆగినాయి.
నేనూ ఆగాను.

తెగిన పైపు భుజానికి చుట్టుకొని మామ వస్తున్నాడు.
నేరుగా వస్తే ఆ అడుగు తొక్కాలి.
నిలబడ్డాడు,
బురదలో దిగి, చుట్టు తిరిగి వచ్చాడు.
"మొక్కుతావా ఏంది మామా, దానికి?"
"మొక్కేదేందిరా, నా రాగి తినిపోతే!
నీళ్లుండాయి గదా దాంట్లో.
పిట్టలు తాగిపోనీ."

వచ్చింది కూడా ఒకటి.
చలికాలం మాత్రమే కనబడి పోయే బూడిదరంగు పిట్ట,
తోకాడించుకుంటూ అంచున నిలబడి
ఆకాశాన్ని రెండు గుక్కలు తాగి
మా ఇద్దర్నీ లెక్కచేయకుండా పోయింది.

తిరుగు బస్సులో
ఒళ్లో అత్త కట్టిచ్చిన అనపకాయల సంచి.
ఘాటు దిగుతుంటే ఎండ తగిలింది.
సంచిలో మాత్రం
ఇంకా పొద్దు పొడవలేదు.

సోమవారం రత్నవేలు కాగితం ముందు పెట్టాడు.
తేదీలు రాశాను, సంతకం పెట్టాను.
సెలవుకు కారణం అన్న చోట
ఇన్నేళ్లూ అబద్ధంగా రాసిన రెండు మాటలే
మళ్లీ రాశాను:
సొంత పని.